మామ బండలు తియ్యనిస్తలేడు, లగ్గం దగ్గర పడ్డది, ఏం చెయ్యాలె?

మిర్యాలగూడ దిక్కు నుంచి ఒక అక్క ఉత్తరం రాసిండ్రు, పేరు, ఊరు బయట పెట్టొద్దన్నరు. పెద్ద ఉత్తరం, కుదించి చెప్తున్న. 1994ల వాళ్ళ మామ కట్టిన ఇల్లు, 150 గజాల జాగ, ఒక్కటే అంతస్తు, ముందట గ్రిల్ వరండా, హాలు, రెండు బెడ్రూములు, వంటిల్లు, ఇల్లంత షాబాద్ బండలే. మాఘమాసంల పెద్దబిడ్డ లగ్గం. పూలుపండ్లకు వచ్చిన రోజు వియ్యపురాలు కిందికి చూసి "ఇంకా బండలేనా వదినా, ఇప్పుడు ఎవ్వరింట్ల ఉన్నయి" అన్నదట, నవ్వుకుంటనే అన్నదట గానీ ఈమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ వారంలనే హైదరాబాద్ ఇంటీరియర్ వాళ్ళను పిలిపిచ్చి కొటేషన్ రాయిచ్చుకున్నరు, 11 లక్షల 40 వేలు. అండ్ల ఇల్లంత వెట్రిఫైడ్ టైల్స్, హాల్ల, బెడ్రూములల్ల ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, వంటింటికి హాలుకు నడుమ గోడ తీసేసి ఓపెన్ కిచెన్, టీవీ యూనిట్, బెడ్రూంల గోడ నిండ వార్డ్‌రోబు. చేతిల ఉన్నయి చిట్టి పైసలు 4 లక్షలు, బంగారం పెడితే ఇంకో 3 లక్షలు వస్తయట.

మామకు 74 ఏండ్లు. "ఈ బండలు తాండూరు పోయి నేనే ఏరి లారీకెక్కిచ్చుకొచ్చిన, నేను పోయినంక తీసుకోండ్రి" అని ఒక్కటే మాట. భర్త నాయిన ముంగట నోరు తెరవడు, ఈమె దగ్గరకొచ్చి "నువ్వే మాట్లాడు" అంటడు. హైదరాబాద్‌ల ఉన్న మరిది ఫోన్ల "మీ ఇష్టం వదినా, పైసలు మీయి, ఇల్లయితే నాయిన పేరు మీదనే ఉన్నది గదా" అన్నడట, ఆ మాటకు అర్థం ఏందని కూడా అడిగిండ్రు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, కింద కూసునే లెట్రిన్‌తోని రోజూ తిప్పలే. అసలు ప్రశ్న ఏందంటే మామను ఎట్ల ఒప్పియ్యాలె, బంగారం పెట్టాల్నా వద్దా అని. ఇగ సంతకం పెట్టే ముందు ఒక్క లైన్ రాసిండ్రు: "వంటింటి స్లాబు జరంత పెచ్చులూడింది, బాత్రూం దిక్కు బెడ్రూం గోడ ఎప్పుడూ తడిగుంటది, ఆ గోడకే వార్డ్‌రోబు వస్తది కాబట్టి కనబడదు అన్నరు."

అక్కా, మీరు మామ గురించి అడిగితే నేను స్లాబు గురించి మొదలు పెడ్తున్న, ఏమనుకోకండ్రి. మీ ఉత్తరంల బండల ముచ్చట రెండు పేజీలున్నది, స్లాబు ముచ్చట ఒక్క లైను, నా లెక్కల అది తిరగబడాలె. పెచ్చులూడుతున్నయంటే చాలాసార్లు లోపల సలాకకు తుప్పు పట్టిందని అర్థం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతది, ఉబ్బి కిందున్న కాంక్రీటును బయటికి తోస్తది, అది పలిగి రాలుతది, రాలినకొద్ది గాలి, తడి ఇంకింత తగిలి తుప్పు ఇంకింత పెరుగుతది. తనంతట తాను ఆగేది కాదు ఇది. పైగ దాని కింద నిలబడి పొద్దూకాల వంట చేసేది మీరే.

ముందుగల్ల మిద్దె ఎక్కి చూడండ్రి. నీళ్ళ ట్యాంకు సరిగ్గ వంటింటి మీదనే ఉన్నదా, మోటరు బందు చేసుడు మర్చిపోయినప్పుడు పొర్లిన నీళ్ళు ఎటు పోతున్నయి, వాన వెలిసినంక నీళ్ళు ఏ మూలకు నిలుస్తున్నయి, నీళ్ళు కిందికి దిగే పైపు మూతి ఆకులతోని మూసుకపోయిందా, పిట్టగోడ సందులల్ల రావి మొక్క మొలిసిందా. చాలా ఇండ్లల్ల కారణం ఇక్కడిక్కడనే దొరుకుతది. అది దొరకకుండ కింద ఎంత పూసినా పైసలు దండుగ. పూసుడు కూడా, సుతారి మేస్త్రి వచ్చి సిమెంటు ఇసుక కలిపి మెత్తిపోతే వచ్చే వానకాలానికి మళ్ళ ఊడుతది. వదులుగున్న కాంక్రీటు మొత్తం కొట్టి తియ్యాలె, సలాక వెనకదాకా తియ్యాలె, వైర్ బ్రష్‌తోని తుప్పు గీకాలె, తుప్పు ఆపే ప్రైమర్ కొట్టాలె, పాతదానికి కొత్తది పట్టేటట్టు బాండింగ్ కోటు వేసి, పాలిమర్ కలిపిన మాల్‌తోని నింపాలె. గీకినంక సలాక సన్నబడ్డట్టు కనబడితే మాత్రం మేస్త్రి మాట మీద ఆగకండ్రి, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకొచ్చి చూపెట్టండ్రి, కొత్త సలాక కలపాల్నా, ఎంత కలపాల్నా అనేది ఆయన చెప్పాలె. నల్లగొండలనో మిర్యాలగూడలనో దొరుకుతరు, ఆయన ఫీజు మీ కొటేషన్ల టీవీ యూనిట్ ఖర్చుల ఓ మూలకు రాదు.

ఇంకోటి, లీకు ఎక్కడున్నదో చూస్తనని మిద్దె మీద మడి కట్టినట్టు నీళ్ళు నిలబెట్టే మేస్త్రులుంటరు, గట్టి స్లాబుకు అది మంచి పరీక్షనే గానీ పెచ్చులూడిన స్లాబు మీద ఆ బరువు పెట్టొద్దు.

ఇగ గోడ. బాత్రూం దిక్కు తడి అంటున్నరు, ఎప్పుడూ ఉంటది అంటున్నరు, అంటే అది వాన తడి కాదు. 1994 ఇల్లంటే గోడల లోపల ఇనుప పైపులుండే అవకాశం ఎక్కువ, ఇన్నేండ్లకు అవి తిని ఉంటయి. రాత్రి పండుకునేటప్పుడు నల్లాలన్నీ బందు చేసి ట్యాంకుల నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నయో గుర్తు పెట్టండ్రి, తెల్లారి దిగి ఉంటే పైపు కారుతున్నది. దిగకపోతే బాత్రూం కింద నుంచి పోతున్నట్టు, నీళ్ళు పోయే జాలి గుడ్డతోని మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజంత నిలబెట్టి చూడండ్రి. పైపు అయితే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేసుకుంటే సరిపోతది, బాత్రూం నేల అయితే టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేసి మళ్ళ వెయ్యాలె. ఇది చెయ్యకుండ ఆ గోడకు వార్డ్‌రోబు కొడితే ఏమైతది, వెనక బూజు, దాని వెంబడి చెదలు, బిడ్డ పెండ్లికి కొన్న పట్టుచీరెలన్నీ ముక్కిన వాసన. కనబడదు అన్నరు కదా, కనబడదు కాబట్టే ప్రమాదం. ఆ మాట అన్నోళ్ళ మీద నాకైతే నమ్మకం పోయింది, మీరు పెట్టుకునుడు పెట్టుకోకపోవుడు మీ ఇష్టం.

ఓపెన్ కిచెన్ గోడ ముచ్చట ఇంకా గట్టిగ చెప్పాలె. మన దిక్కు ఆ రోజులల్ల ఒక్క అంతస్తుకు కట్టిన ఇండ్లకు చాలావాటికి పిల్లర్లు ఉండయి, 9 అంగుళాల ఇటుక గోడల మీదనే స్లాబు కూసుంటది. అట్ల అయితే హాలుకు వంటింటికి నడుమనున్న గోడ ఉత్త అడ్డం గోడ కాదు, కప్పును మోసే గోడ. అది తీసేస్తే, అదీ పక్కన సలాకలు తుప్పు పట్టిన స్లాబు ఉన్నంక, ఏమైతదో నేను రాయాల్సిన పని లేదు. తియ్యాలంటే జాకీలు పెట్టి, ఇనుప బీమో కాంక్రీటు బీమో వేసి, ఇంజనీరు డ్రాయింగ్ ప్రకారం తియ్యొచ్చు, ఖర్చు గట్టిగనే పడ్తది. లేదంటే గోడ ఉంచి అండ్లనే హాలు కనబడేటట్టు నడుమ ఒక కిటికీ లెక్క చిన్న సందు పెట్టుకోవచ్చు, దానికి కూడా పైన లింటెల్ వెయ్యాలె. ఏదీ వద్దంటే గోడ అట్లనే ఉండనియ్యండ్రి, మన తాలింపు ఘాటుకు గోడ ఉన్నదే మంచిదని నా సొంత అభిప్రాయం.

ఇప్పుడు మామ దగ్గరికి వస్త. ఆ ఇంటికి పిల్లర్లున్నయా లేవా, స్లాబుల ఎంత మందం సలాక వేసిండ్రు, బాత్రూం పైపు ఏ గోడలకెల్లి పోతది, ట్యాంకు కింద ఏమున్నది, ఇవన్నీ చెప్పగలిగేటాయన ఇంట్ల ఒక్కరే ఉన్నరు. ఇప్పటిదాకా ఆయన దగ్గరికి ఎవ్వరు పోయినా "బండలు తీస్తం" అనే పోయిండ్రు, ఆయన "తియ్యనియ్య" అన్నడు, ముచ్చట అక్కడనే ఆగిపోయింది. ఆయనకు అది బండల ముచ్చట కాదు, నేనింకా ఉన్నగదా అనే ముచ్చట. ఈసారి బండల పేరెత్తకుండ, "మామా, స్లాబు ఊడుతున్నది, జర వచ్చి చూడండ్రి, సలాక ఎట్ల కట్టిచ్చిండ్రో మీకే తెలుసు" అని అడగండ్రి. ఇది ఆయనను బుట్టల వేసుకునే ఉపాయం అనుకోకండ్రి, నిజంగనే ఆయన చెప్పేది మీకు అక్కెర. ఇంజనీరు వచ్చిన రోజు ఆయననే పక్కన నిలబెట్టండ్రి. ఇంటీరియర్ పిలగాండ్లు ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మలు చూపెట్టినప్పుడు ఆయనను ఎవ్వరన్న పిలిచిండ్రా? ఉత్తరంల అయితే లేదు. ఇంత చేసినా ఆయన బండలకు ఒప్పుకోకపోవచ్చు. కానీ స్లాబు, పైపులు, బాత్రూం పనికి అడ్డం రాడని నాకనిపిస్తున్నది, పెండ్లికి ముందు కావాల్సింది అదే.

బండల సంగతి, ఇక్కడ మీకు మూడు తొవ్వలున్నయి. మొదటిది, ఉన్న బండలనే పాలిష్ పట్టిచ్చుడు. షాబాద్ బండ అన్నా తాండూరు బండ అన్నా సున్నపురాయే, మిషన్ పెట్టి రాపిడి చేస్తే నున్నగ వస్తది, సందులు మళ్ళ నింపిచ్చి పాలిష్ పెడితే ఇదేనా ఆ బండ అన్నట్టుంటది. ఊగే బండలుంటే ముందు వాటిని లేపి సరిగ్గ కూసోబెట్టాలె. టైల్స్ కంటే చాలా తక్కువల అయితది, మామతోని లొల్లి లేదు. లోటు ఏందంటే నీళ్ళు, బురద రొచ్చు కొన్ని రోజులు ఇల్లంత పట్టుకుంటది, తర్వాత యాసిడ్ బాత్రూం క్లీనర్‌లు దగ్గరికి రానియ్యొద్దు, నిమ్మకాయ, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవాలె, లేకుంటే మరక కాదు, రాయినే తింటది. ఇంకా అది టైల్స్ లెక్క తెల్లగ మెరవదు, వియ్యపురాలి కంటికి అది ఇంకా బండనే.

రెండోది బండల మీదనే గమ్ముతోని టైల్స్ అంటిచ్చుడు. పగలగొట్టే పని లేదు, తొందరగ అయితది, కానీ నేల అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లేస్తది, ప్రతి తలుపు కింద కోయాలె, కడపలు పొట్టిగయితయి, హాలుకు వరండాకు మధ్య చిన్న ఎత్తు తేడా వస్తది. పెద్ద మెట్టు అయితే చూసి దిగుతరు, ఈ చిన్నదానికే అత్తమ్మ లాంటోళ్ళు తట్టుకొని పడేది. చేస్తే అంతటా ఒకే ఎత్తుకు చెయ్యాలె. మూడోది మొత్తం బండలు లేపి కొత్తగ వేసుడు. పని శుభ్రంగ వస్తది, పైపుల పని కూడా కింద నుంచే చేసుకోవచ్చు, కానీ దుమ్ము, మట్టి ట్రాక్టర్లు, వంట ఎక్కడ చేసుకుంటరో పండుకునేది ఎక్కడనో చూసుకోవాలె. మామ మాట కాదని ఇది చేస్తే లగ్గం నాడు ఆయన మొహం ఎట్లుంటదో మీకే తెలుసు. ఆయనే ఒప్పుకుంటే లేపిన బండలు పారెయ్యకండ్రి, ఓపికగ లేపితే ముక్కలు కాకుండ వస్తయి, వాకిట్ల, వరండాల, వెనక గోలెం దగ్గర పరిపిచ్చుకోవచ్చు. టైల్స్ ఏది వేసినా తళతళ మెరిసేటియి వద్దు, మోకాళ్ళ నొప్పులోళ్ళు ఉన్న ఇంట్ల తడి కాలుతోని జారుతయి, మ్యాట్ రకం తీసుకోండ్రి. నన్నడిగితే ఈ లగ్గానికి పాలిష్‌తోని కానిచ్చుకొని, టైల్స్ ముచ్చట తర్వాత చూసుకునుడు నయం.

అత్తమ్మ బాత్రూం కొటేషన్ల ఎక్కడన్న ఉన్నదా? మీరు రాసినదాంట్ల నాకు కనబడలే. 11 లక్షలల్ల టీవీకి గూడు ఉన్నది, ఆమె కూసోని లేచే లెట్రిన్ లేదు. తడి గోడ కోసం ఎట్లనో ఆ బాత్రూం తెరుస్తరు కాబట్టి అదే దెబ్బకు వెస్టర్న్ కమోడ్, పక్కన పట్టుకొని లేవనీకి స్టీలు రాడ్డు, గరుకు టైల్స్, తలుపు బయటికి తెరుసుకునేటట్టు పెట్టిచ్చుకోండ్రి, లోపల పడితే తలుపు తియ్యరాకుండ ఇరుక్కోవద్దు. రాడ్డు ఉత్త ప్లాస్టర్‌కు కాదు, ఇటుకకు దిగేటట్టు బోల్టులు కొట్టియ్యాలె. నల్లాలు నల్లరంగువి, గ్లాసు పార్టిషన్లు ఫోన్ల చూసి మోజు పడకండ్రి. మన నల్లగొండ బోరు నీళ్ళ ఉప్పు వాటి మీద నెలకే తెల్ల మరకలు పెడ్తది, గీజర్ల కూడా ఆ ఉప్పే గడ్డ కడ్తది. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తున్నయి అంటే బాత్రూంకు ఆ లైన్ కలిపిచ్చుకోవచ్చేమో ప్లంబర్‌ను అడగండ్రి.

కరెంటు పని కూడా గోడలు తెరిచినప్పుడే. పాత వైరింగ్ మీద ఏసీ, గీజరు, మిక్సీ అన్నీ పడితే వైర్లు వేడెక్కుతయి. ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైరు విడిగ లాగాలె, ప్లగ్గులకు 2.5, ఎర్తింగ్ సరి చూపియ్యాలె, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే బందు చేసే స్విచ్చు) ఒకటి పెట్టిచ్చుకోండ్రి, షాక్ కొట్టినప్పుడు మనిషి పాణం కాపాడేది అదే. లగ్గానికి సీరియల్ బల్బులు కూడా ఇదే ఇంటి కరెంటు మీద వేస్తరు కదా.

వంటింటికి వస్తే, కొటేషన్ల "ఇంజనీర్డ్ వుడ్" అని రాసి ఉంటే అది మామూలుగ ఎండీఎఫ్ లేకుంటే పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టు గమ్ముతోని ఒత్తి చేసిన బోర్డు. మనం వంటిల్లు బకెట్‌తోని నీళ్ళు కొట్టి కడిగేటోళ్ళం, అది కింద నుంచి నీళ్ళు పీల్చి ఉబ్బుతది. చెయ్యిస్తే ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్ (మెరైన్ ప్లై అంటరు) అని కాగితం మీద రాయిచ్చుకోండ్రి, ప్లై మీద ఆ ముద్ర కనబడాలె. దీనికంటే చవకది, మన ఊర్లల్ల ఎప్పటి నుంచో ఉన్నదే, కింద గూళ్ళు కడప నల్ల బండలతోని సుతారి మేస్త్రితోనే కట్టిచ్చుకొని, వాటికి అల్యూమినియం ఫ్రేం తలుపులు పెట్టిచ్చుకునుడు. చూసేటోళ్ళకు మాడ్యులర్ లెక్కనే ఉంటది, చెదలు పట్టయి, తడిసినా ఏం కాదు. లోపల తీగ బుట్టలు తర్వాతన్న పెట్టుకోవచ్చు.

కొటేషన్ మీద ఇంకో రెండు మాటలు. రేటు స్క్వేర్ ఫీట్‌కు అన్నప్పుడు ముందు తలుపుల కొలత మీదనా, లోపల పెట్టెలు మొత్తం పరిచి లెక్క కడ్తరా అడగండ్రి, లక్ష రూపాయల తేడా అక్కడనే వస్తది. 18 శాతం జీఎస్టీ అండ్ల కలిసిందా, పగలగొట్టుడు, మట్టి మోసుడు, ప్లంబింగ్ ఎవ్వరిది? రాయలేదంటే అది మీదే అనుకోండ్రి.

ఫాల్స్ సీలింగ్ స్లాబు బాగైనదాకా వద్దే వద్దు, పెచ్చులూడుడు మీకు కనబడకుండ అయితది, ఊడుడు అయితే ఆగదు. చల్లగుంటదని పెట్టిచ్చుకుంటున్నం అంటే, మిర్యాలగూడ ఎండలకు పైన మిద్దెకు వాటర్‌ప్రూఫింగ్ చేసినంక తెల్ల కూల్ రూఫ్ పూత వేపియ్యండ్రి, వేడి చాలామట్టుకు స్లాబుల దిగకముందే వాపస్ పోతది. సర్కారు కూడా 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

మరిది మాటకు అర్థం అడిగిండ్రు. ఆయన మనసుల ఏమున్నదో నేను చెప్పలేను గానీ చట్టంల ఉన్నది చెప్త. మామ సొంత సంపాదనతోని కొన్న జాగ, కట్టిన ఇల్లు అయితే ఆయన ఉన్నంత కాలం అది ఆయనదే, ఎవ్వరికన్న ఇచ్చుకోవచ్చు. వీలునామా రాయకుండ పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తమ్మకు, కొడుకులకు, ఆడబిడ్డలు ఉంటే వాళ్ళకు సమానంగ పోతది. మీరు 7 లక్షలు పెట్టినంత మాత్రాన మీ వాటా పెరగదు. అందుకని దీన్ని మూడు తీర్ల చూసుకోవచ్చు. స్లాబు, పైపులు, కరెంటు అందరి ఆస్తిని కాపాడేటియి, వాటిల సగం మరిదిని అడుగుడు తప్పేం కాదు, ఇయ్యకపోయినా మీరు అడిగినట్టు ఉంటది. లేదంటే అంతా మీరే పెట్టుకొని, ఎంత పెట్టిండ్రో బిల్లులతోని ఒక కాగితం రాసి అన్నదమ్ములిద్దరు సంతకాలు పెట్టుకోండ్రి, రేపు పంచుకునేటప్పుడు ముచ్చట రాకుండ. అదీ కష్టమనిపిస్తే గోడకు అతికే పనులు తగ్గిచ్చి, మంచం, బీరువా, సోఫా లాంటి విడి సామాన్ల మీద పెట్టండ్రి, అవి ఎక్కడికి పోతే అక్కడికి మీ వెంట వస్తయి. సంతకాల ముచ్చట మాత్రం మీరెత్తొద్దు, మీ ఆయననే మాట్లాడమనండ్రి. వదిన అడిగితే అది పంచాయితీ అయితది, అన్న అడిగితే లెక్క అయితది.

బంగారం పెట్టుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. లగ్గం ఖర్చు ఎప్పుడూ అనుకున్నదానికంటే ఎక్కువే అయితది, ఆ బంగారం అప్పుడు అక్కెరకు రావాలె. స్లాబు రిపేరు, మిద్దె వాటర్‌ప్రూఫింగ్, బాత్రూం, వైరింగ్, బండల పాలిష్, వంటింటి గూళ్ళకు తలుపులు, ఇల్లంత రంగులు, చిట్టి 4 లక్షలల్ల అయితదని నా అంచనా, మీ దగ్గరి మేస్త్రి రేట్లతోని లెక్క కట్టుకోండ్రి. దాటేటట్టుంటే వంటింటి తలుపులు ఆపండ్రి, స్లాబు ఆపకండ్రి. మిద్దె పని వానలు పోయి స్లాబు ఆరినంకనే పట్టుకోవాలె కాబట్టి దసరా అయిన వెంటనే మొదలు పెట్టండ్రి, బాత్రూం గోడ పని అంతకంటే ముందే కానియ్యొచ్చు. కొత్త ప్లాస్టర్ మీద నెల దాకా ఆగి లప్పం, రంగులు పెట్టాలె, తడి మీద పెడితే పెండ్లి ఫొటోలల్లనే పొక్కులు కనబడ్తయి. సంక్రాంతికి పెయింటర్లు దొరకరు, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండ్రి. లగ్గం ఎట్లనో ఫంక్షన్ హాల్ల అయితది, ఇంటికాడ నలుగు పెట్టుకునేది, చుట్టాలు పండుకునేది, వాళ్ళందరికి నీళ్ళు, బాత్రూములు, లైట్లు, ఫ్యాన్లు సరిగ్గుంటే చాలు.

వియ్యపురాలు ఇంకోసారి అంటే "మా మామ తాండూరు నుంచి తెచ్చినయి వదినా, పాలిష్ పట్టిచ్చినం" అనండ్రి, మామ వినేటట్టు అంటే ఇంకా మంచిది.

ఇంటీరియర్ వాళ్ళకు అడ్వాన్స్ ఇచ్చిండ్రో లేదో రాయలేదు. ఇయ్యకుంటే ఇప్పుడు ఇయ్యకండ్రి. ఇచ్చి ఉంటే వాపస్ ఇయ్యనీకి మస్తు తిప్పుతరు, దాని బదులు గోడ పగలగొట్టే పని, సీలింగు, వార్డ్‌రోబు కొటేషన్ల నుంచి తీసేపిచ్చి, అదే పైసలకు మెరైన్ ప్లైతోని వంటింటి పైన గూళ్ళు చెయ్యమని కాగితం తిరగ రాయిచ్చుకోండ్రి, ఆఖరి 10 శాతం పని అంతా చూసుకున్నంకనే ఇస్తమని అండ్లనే రాయిచ్చుకోండ్రి.